జాగ్రత్త మాస్టారు

చెన్నైలో తెలుగు పిల్లలు చదివే బడి ఏదైనా సరే, ఆయన ఒకరు ఉండి తీరుతారు. సొంత పేరు ఏదైతేనేం, పిల్లలు పెట్టిన పేరు మాత్రం జాగ్రత్త మాస్టారు. జేబులో రెండు ఫోన్లు, మెడలో ఐడీ కార్డు. బడి వదిలాక కూడా ఆ కార్డు తీయరు. అందుకే ఆయన ఉండేది వెస్ట్ మాంబలంలో ఏ వీధో, ఎన్నో అంతస్తో, ఒంట్లో ఏ గ్రూపు రక్తమో కరెంటు రైల్లో ఎదురుగా కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

శనివారం ఆఖరి పీరియడు ఆయన సైబర్ క్లాసు. బల్ల చరిచి మొదలుపెడతారు.

"ఓటీపీ అడిగితే?"

"చెప్పకూడదు సార్!"

"పుట్టిన తేదీ?"

"చెప్పకూడదు సార్!"

"అమ్మ ఫోన్ నంబరు?"

"చెప్పకూడదు సార్!"

"శభాష్. ఇప్పుడు ఒక్కొక్కరే లేచి పేరు, పుట్టిన తేదీ, అమ్మ ఫోన్ నంబరు గట్టిగా చెప్పండి. రిజిస్టర్లో ఎక్కించాలి."

పాఠానికి వంక పెట్టలేం. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చిన పుట్టస్వామి కేసు ఆయనకు కంఠతా వచ్చు. ఆధార్ కాపీ ఇవ్వక తప్పకపోతే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమంటారు. ఆన్‌లైన్లో డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యమంటారు. చిక్కల్లా ఉదాహరణల దగ్గరే. అందుకు ఆయన దగ్గరున్నది సొంత కుటుంబం ఒక్కటే.

"మా అమ్మాయి ముద్దుపేరు బుజ్జి, పుట్టింది 2006లో. నేను బుజ్జి2006 అని పాస్‌వర్డ్ పెట్టాననుకోండి, దొంగ ఇట్టే కనిపెట్టేస్తాడు. అందుకే మధ్యలో ఎట్ గుర్తు పెట్టాను."

ఆ వాక్యం పూర్తయ్యేలోగా ఆఖరి బెంచీ మొత్తం స్టాఫ్‌రూం వైఫై ఎక్కేసింది.

క్లాసయ్యాక పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది. ముందు వరస పిల్లల ఐడీ కార్డులు కళ్లజోడు లేకుండా చదువుకోవచ్చు. దాని కిందే ఎక్సెల్ షీటు. స్కాలర్‌షిప్ దరఖాస్తులో మీ పిల్లల ఆధార్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకోమని, పన్నెండుకు పన్నెండంకెలూ, క్లాసు క్లాసంతటివీ. ఒక తల్లి భయపడుతూ, "సార్, ఇవి అందరికీ కనబడుతున్నాయండీ" అంటే, "కంగారు పడకమ్మా, మన గ్రూపే కదా" అన్నారు. ఆ మన గ్రూపులో స్కూలు ఆటో డ్రైవరున్నాడు, నిరుడు టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లల తండ్రులున్నారు, ట్యూషన్ సెంటరు వాళ్లున్నారు. ఎవరు చేర్చారో తెలియని నంబరొకటి రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు పెట్టి గుడ్ మార్నింగ్ చెబుతుంటుంది. దానికి తిరిగి నమస్కారం పెట్టేది మాస్టారొక్కరే.

సాయంత్రం టీ నగర్ రంగనాథన్ వీధిలో చూడాలి ఆయన్ని. బిల్లు కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబర్ అడుగుతుంది. జనం రొదలో వినబడదేమోనని అంకె అంకె విడదీసి, తమిళంలో ఓసారి, తెలుగులో ఓసారి చెబుతారు. వెనకున్నాయన సరిగ్గా విన్నాడో లేదోనని ఓసారి తిరిగి చూస్తారు కూడా.

ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదులెండి. సెంట్రల్లో రైలెక్కితే పక్కసీటాయనకు జీతం, జాతకం, అల్లుడి షుగరు చెప్పకుండా గూడూరు దాటని జాతి మనది. దాచుకునేవాణ్ణి చూస్తేనే మనకు అనుమానం.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. మాస్టారు ఆ సంగతి బోర్డు మీద రాసి పిల్లలచేత మూడుసార్లు చదివించారు. యాభై నాలుగేళ్ల పెద్దమనిషి చేతికి ఫోనివ్వడానికి ఎవరి అనుమతి కావాలో మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు.