పాకలకో గేటు కావలెను

సింగరాయకొండలో పుట్టినవాడికి పాకల సముద్రమంటే చులకన. ఆటో ఎక్కితే అరగంటకల్లా కెరటం కాళ్లకు తగులుతుంది. టిక్కెట్టు లేదు, బుకింగు లేదు. అదీ ఒక సముద్రమేనా! అందుకే హైదరాబాద్ నుంచి సెలవులకు దిగిన మా బావమరిది పాకల ఊసే ఎత్తొద్దన్నాడు. ఫోన్లో విల్లా మాట్లాడి, ఇంటిల్లిపాదినీ కారెక్కించి, ఒంగోలు దాటించి చీరాల వైపు తీరానికి తోలుకుపోయాడు.

తీరా చూస్తే అదే బంగాళాఖాతం, అవే సరుగుడు చెట్లు. తేడా అల్లా గేటు. కారు నంబరు రాయించుకున్నారు, ఆధార్ చూశారు, ఓటీపీ చెప్పమన్నారు. ఆ ఓటీపీ విల్లా ఓనరు ఫోనుకు పోయింది. ఆయన డాలస్‌లో నిద్రపోతున్నాడు.

ఆయన లేచాక లోపలికెళ్తే ఫ్రిజ్ మీద నిబంధనల అట్ట. ఆరుగురు దాటితే తలకింత. దుప్పటి మీద పచ్చడి మరక పడితే దుప్పటి ఖరీదు. బాల్కనీలో తువ్వాళ్లు ఆరేయరాదు. అన్నిట్లోకీ నాకు నచ్చింది చివరిది: వంటగదిలో చేపలు వేయించరాదు. కిటికీ తీస్తే ఎదురుగా సముద్రం! పసుపూ కారం పట్టించి వంజరం ముక్కలు తెచ్చిన మా అత్తగారు ఆ అట్టను రెండుసార్లు చదివించుకున్నారు. డబ్బా మూత మాత్రం తియ్యలేదు.

తీరానికి చట్టం లేకపోలేదు. 1991లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. పోటు గీత నుంచి 500 మీటర్ల నేల దాని కిందికే వస్తుంది. 2019లో దాన్ని మార్చి, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న పల్లెల దగ్గర కట్టడాలు కూడని మేరను 200 మీటర్ల నుంచి 50కి తగ్గించారు. సముద్రానికి ఈ లెక్కలు తెలియవు. 2004 డిసెంబరు 26న మన తీరానికి సునామీగా వచ్చినప్పుడు ఏ రిజిస్టర్లోనూ సంతకం పెట్టలేదు.

కాబట్టి ఏలినవారికి నా మనవి, పాకలకూ ఓ గేటు పెట్టించండి. ఖజానాకూ లాభమే. ఊరికే వీచే గాలి మీద పైసా రాదు, అదే రోజుకు 7,500 దాటిన గదిలోకి వీస్తే 18 శాతం జీఎస్టీ. వల లాగేవాళ్ల మెళ్లో స్టాఫ్ బిళ్లలు వేద్దాం. ముంత మసాలా బండికి లైవ్ కౌంటర్ అని బోర్డు కడదాం. చిక్కల్లా కార్తీక పున్నమితోనే. చుట్టుపక్కల ఊళ్లన్నీ తెల్లారుజామునే మునకలకు దిగుతాయి. చెక్ఇన్ ఏమో మధ్యాహ్నం రెండింటికాయె.