స్టైల్ ప్యాక్ కొనేవాళ్లకు ఏడు చిట్కాలు

గంగవరం చుట్టుపక్కల భజనలకు, పెండ్లిండ్లకు, ఎండాకాలం వస్తే భారతాలకు నేను కీబోర్డు వాయిస్తా. కీబోర్డులో ఎనక దరువు మోగించే స్టైల్ ప్యాకులు నాలుగేండ్లలో ఐదు కొన్నా. ఒక్కటీ నిండుగా మోగలేదు. సలహాలు చెప్పడానికి ఇంతకంటే అర్హత ఇంగేం కావాల?

మొదటి చిట్కా. అంకె చూసి కొనండి, లోపల ఏముందో చూడొద్దు. పైన ‘500 ఇండియన్ స్టైల్స్’ అని ఉంటే 500 అనే నమ్మండి. నేను కూర్చుని లెక్కబెట్టినా, అది నా తప్పు. భాంగ్రాలు, దాండియాలు, కవ్వాలీలు, గజళ్లు తీసేస్తే మన పాటకు పనికొచ్చేవి తొమ్మిది తేలినాయి. ఆ తొమ్మిదిలో నాలుగు ఒకటే దరువు, పేర్లు మాత్రం వేరు. టమోటా బాక్సులో పైవరస ఎట్లుంటుందో, అడుగున ఎట్లుంటుందో చిన్నప్పటి నుంచి చూసిన ఊరివాళ్లం మనం. పాట దగ్గర మాత్రం ఆ తెలివి వాడకండి.

పైగా ‘ఇండియన్’ అనే మాటకు కీబోర్డులు చేసేవాళ్ల లెక్క వేరే ఉంది. కీబోర్డులన్నీ ఒక పద్ధతిలో మోగాలని 1991లో జనరల్ మిడి అని ఒక పట్టిక పెట్టినారు. 128 వాద్యాలు. 105 సితార్, 112 షెహనాయ్. మన తిత్తికి దూరపు చుట్టం బ్యాగ్‌పైప్ కూడా 110లో ఉంది. వీణ లేదు, నాదస్వరం లేదు. దరువుల వరుసలో మృదంగమూ లేదు. కాబట్టి పెండ్లిలో 112 నొక్కి, ఇదే నాదస్వరం అని గట్టిగా చెప్పండి. తాళి కట్టే హడావిడిలో ఎవురూ వాదానికి రారు.

రెండో చిట్కా. స్టైల్ అంటే ఏమిటి, యాడ్ఆన్ అంటే ఏమిటి అని అడగొద్దు. అడిగితే తెలిసిపోతుంది. స్టైల్ అనేది ఒట్టి చీటీ: ఎప్పుడు, ఎన్నో నంబరు, ఎంత గట్టిగా కొట్టాల అని రాసిన చీటీ. శబ్దం వేరే చోట ఉంటుంది. ఆ శబ్దం మీ దగ్గర లేకుంటే కీబోర్డు ఊరుకోదు, అదే నంబరులో తన దగ్గర ఏముంటే దాన్ని కొడుతుంది.

ఇది నాకు ద్రౌపదీ వస్త్రాపహరణం రాత్రి తెలిసింది. కొత్తగా కొన్న మృదంగం స్టైల్, ఇంట్లో ఒక్కసారి కూడా వినకుండా, నేరుగా భారతంలో పెట్టినా. ద్రౌపది వేషం కట్టినాయన రెండు చేతులూ ఎత్తి కృష్ణుణ్ణి పిలిచినాడు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగు కండ్లకు పెట్టుకున్నారు. నేను బటన్ నొక్కినా. కీబోర్డు ఈలేసింది. ఒకటి పొట్టిది, ఎనకాలే ఒకటి పొడుగుది. మృదంగం దెబ్బలు 71, 72 నంబర్లలో పెట్టినారంట. ఆ పట్టికలో 71 పొట్టి ఈల, 72 పొడుగు ఈల.

జనం గిరుక్కున ఎనక్కి తిరిగినారు. గోడ మీద కూర్చోనున్న పిల్లోళ్లను ఒక పెద్దాయన లేచి తిట్టినాడు. ఒకడి చెవి పట్టుకుని పందిరి అవతలికి తోలినాడు. నేను తల వంచుకుని శ్రుతి సరిచేసుకుంటా ఉన్నా. ఇట్లాంటప్పుడు మీరూ నోరు తెరవొద్దు. చెవి మెలిపెట్టించుకునేదానికి పిల్లోళ్లు ఎట్లాగూ ఉంటారు.

మూడో చిట్కా ఈ ప్యాకులో రాదు, విడిగా కొనుక్కోవాల.

నాలుగోది, అమ్మినవాడికి ఫోన్ చేసేటప్పుడు వినయంగా ఉండండి.

“అన్నా, మీ దగ్గర మెయిన్ ప్యాక్ ఉంది గదా?”

“యా మెయిన్ ప్యాక్ అప్పా?”

“ఇది దానిమీదికేన్నా. సౌండ్లన్నీ మెయిన్‌లో ఉంటాయి.”

“డబ్బు కొట్టకముందు చెప్పాల గదా ఆ మాట?”

“కింద రాసుంది గదన్నా.”

రాసుంది నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో. మన్నించమని అడిగి మెయిన్ ప్యాకు కూడా కొన్నా. ఇది మన దిక్కు బాధే అనుకోవద్దు. బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ అని కెనడా వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది. కార్డ్స్ పేర్లు టైపు చేస్తే ఎనక బృందమంతా వాయించి పెడుతుంది. దానికి విడిగా అమ్మే స్టైళ్లు నిండుగా మోగాలన్నా పెద్ద ఎడిషన్ చేతిలో ఉండాల్సిందే. వాళ్లు ఆ మాట ముందే చెప్పి అమ్ముతారు, అంతే తేడా.

ఐదోది, 1915కు ఫోన్ చేయమని ఎవురైనా చెప్తే వినొద్దు. అది వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు సరుకు మీద ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. ఊరికే వచ్చేది ఏదైనా మంచిదవుతుందా? ప్యాకుల మీద 2,400 పోగొట్టుకున్నవాడికి ఒక మర్యాద ఉంటుంది, రసీదు పట్టుకుని తిరిగితే అది పోతుంది.

మనసు మరీ కష్టపడితే మదనపల్లెను తలుచుకోండి. 1919లో టాగూరు అక్కడి థియోసాఫికల్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి తిప్పినాడు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరం రాసిపెట్టింది. ఆ పాటకు ఐదు చరణాలు. మనం పాడేది ఒకటే, 52 సెకన్లలో ముగుస్తుంది. దేశమే ఒక చరణంతో సరిపెట్టుకుంటుంటే, మీ స్టైల్‌కు ఎండింగ్ లేదని ఏడవడం ఏం బాగుంటుంది?

ఎండింగ్ అంటే గుర్తొచ్చింది, ఆరోది అదే. మృదంగం ఆయన ముక్తాయి మూడుసార్లు తిప్పి కొడితే వేషగాడికి తెలిసిపోతుంది, ఆట ఆపాలని. నా ప్యాకులో ఇంట్రో ఉంది, నాలుగు రకాల నడకలున్నాయి. ఎండింగ్ బటన్ నొక్కితే మళ్లీ మొదటినుంచి అందుకుంటుంది. దుర్యోధనుడు తెర తీసుకుని వచ్చినాడు. కిరీటం, భుజకీర్తులు, చేతిలో గద. రెండు చుట్లు ఆడినాడు. ముక్తాయి రాలేదు. ఐదు చుట్లయినాయి. ముఖానికి పూసిన రంగు గడ్డం మీదికి కారింది. నా పక్కకొచ్చి, మీసం తిప్పుతా, పండ్ల సందున అడిగినాడు:

“చాలు నిలపరా.”

“నిలవడం లేదు మామా.”

తొమ్మిదో చుట్టులో ఆయనే గదతో వైరు లాగేసినాడు. మైకూ పోయింది, లైట్లూ పోయినాయి. చీకట్లో జనం చప్పట్లు కొట్టినారు.

ఎండింగ్ ప్యాక్ వేరే ఉంది, 900. కొనొద్దు. ఒక పిల్లోణ్ణి ప్లగ్గు దగ్గర కూర్చోబెట్టండి, మీరు కన్ను గీటితే లాగేస్తాడు. రాత్రికి యాభై రూపాయలు, ఒక టీ. ఇదే ఏడో చిట్కా, ఇంతవరకూ ఫెయిలు కాలేదు. మొన్న భారతానికి నేను పెట్టుకున్నవాడు పనిమంతుడు, కన్నార్పకుండా నా ముఖమే చూస్తా కూర్చున్నాడు. నడిరేయి టీ తాగుతా అన్నాడు:

“ఆ పొద్దు ఈల నేను వెయ్యలేదన్నా.”

“ప్లగ్గు చూసుకోరా” అన్నా.