కృష్ణానగర్‌లో ఉత్తమ నటుడు

పొన్నూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు ఎక్కడ నాటిక పోటీలు పెట్టినా ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తారు. హైస్కూల్లో సోషల్ చెప్పిన గౌరవం అందులో సగం. నాటక పరిషత్తుల్లో ఉత్తమ నటుడి బహుమతులు కొట్టిన గౌరవం మిగతా సగం. రిటైరయ్యాక కొడుకు హైదరాబాద్ వచ్చేయమన్నాడు. నిజాంపేటలో ఫ్లాటు. సామానుతో పాటు రెండు గోనెసంచుల షీల్డులూ లారీ దిగాయి. కోడలు ఒక్క మాటైనా అనకుండా వాటిని అటకెక్కించింది.

మాస్టారి లెక్క వేరు. మనవణ్ణి స్కూలు బస్సెక్కించాక సాయంత్రం దాకా ఆయనకు పనిలేదు. జేఎన్టీయూ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, యూసుఫ్‌గూడలో దిగితే సినిమా వేషాలు దొరికే కృష్ణానగర్ వచ్చినట్టే. వెనకటివాళ్లు వేషం కోసం మద్రాసు రైలెక్కాల్సి వచ్చేది. 1976లో అక్కినేని ఇక్కడ అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టాక పరిశ్రమ మెల్లమెల్లగా ఇటు తరలింది. అంత పరిశ్రమ అంతదూరం నుంచి వచ్చి కూర్చుంటే తాను మొహం చూపించకపోవడం మర్యాద కాదని మాస్టారి అభిప్రాయం.

ఇలాంటి మాస్టార్లు కృష్ణానగర్ టీకొట్ల దగ్గర ఏ పొద్దున చూసినా కనబడతారు. ఇస్త్రీ లాల్చీ, చంకలో ఆల్బం. ఇంకో ఆనవాలు గడ్డం. ఒక మేనేజరు పెంచమంటాడు, ఇంకో మేనేజరు తీసేయమంటాడు. అంచేత ఎప్పుడు చూసినా అది వారం రోజుల గడ్డమే.

ఆల్బం తెరిస్తే మొదటి పేజీలో దుర్యోధనుడు, రెండో పేజీలో హరిశ్చంద్రుడు. తన శిష్యుల కంటే చిన్నవాడైన కో-డైరెక్టరు అది అటూ ఇటూ తిప్పి, “కిరీటం లేని ఫొటో లేదా అంకుల్?” అంటాడు. చివరికి ఆల్బమే వద్దంటాడు, వాట్సాప్‌లో పంపమంటాడు.

ఆడిషన్ ఓ అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. స్టాండుకి తగిలించిన సెల్‌ఫోను, ఎదురుగా గుండ్రటి లైటు. పేరు, వయసు, ఎత్తు చెప్పమన్నారు. ఎడమ పక్కకి తిరగమన్నారు, కుడి పక్కకి తిరగమన్నారు. చేతులు ముందూ వెనకా చూపించమంటే, గోళ్లు కత్తిరించుకోని పిల్లాడిలా ఆయనే కాస్త బెదిరారు. తర్వాత డైలాగు ఇచ్చారు: “కాఫీ తాగావా అమ్మా?”

మాస్టారు ఊపిరి పీల్చుకుని అన్నారు. పై అంతస్తావిడ కిందికి దిగి వచ్చి, ఏమైందని అడిగింది.

“కొంచెం తగ్గించండి సార్.” తగ్గించారు. “ఇంకొంచెం.” మళ్లీ తగ్గించారు. చివరికి పెదాలు కదిలీ కదలకుండా అనేసరికి, “సూపర్ అంకుల్, చెప్తాం” అన్నారు. ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి పుల్లారెడ్డి స్వీట్లు పట్టుకెళ్లారు.

తప్పు మాస్టారిది కాదు. ఆరుబయట పందిట్లో, వేలాడే మైకుల కింద, ఆఖరి వరుసలో బెంచీ మీద కూర్చున్న రైతుకీ, కాగితాలు పట్టుకున్న న్యాయనిర్ణేతకీ మాట అందాలి. అక్కడ కనుబొమ్మ ఎగరేస్తే పైనున్న ఆకాశానికి తప్ప ఎవరికీ కనబడదు. కెమెరాకి ఆ కనుబొమ్మే ఎక్కువ. ఆయన విద్య అంతా దూరాన్ని జయించడానికి నేర్చింది. ఇక్కడ దూరమే లేదు.

ధైర్యం తగ్గినప్పుడు ఆయన మూడు పేర్లు జపిస్తారు. కోట శ్రీనివాసరావు బ్యాంకు ఉద్యోగం నుంచి వచ్చినవారే. గొల్లపూడి మారుతీరావు రేడియో ఉద్యోగి, 1982లో తెరమీదికి వచ్చేనాటికి నలభై దాటాయి. జయప్రకాశ్‌రెడ్డి లెక్కల మాస్టారు, ‘బ్రహ్మపుత్రుడు’తో మొదలై ‘ప్రేమించుకుందాం రా’తో పేరు తెచ్చుకున్నారు. మొదటిది 1988లో, రెండోది 1997లో. ఆ మధ్య తొమ్మిదేళ్ల సంగతి మాత్రం మాస్టారు ఎత్తరు. మనమూ ఎత్తడం భావ్యం కాదు.

చివరికి ఒక సీరియల్లో వేషం దొరికింది. నాయిక తండ్రి. షూటింగ్ ఒక్క పూటే, ఎందుకంటే తండ్రి కథ మొదలు కాకముందే పోయాడు. ఫొటో తీసి, దండేసి, హాల్లో తగిలించారు. డబ్బులు ఆ పూటకే ఇచ్చారు గానీ ఆయన రోజూ టీవీలో కనబడుతున్నారు. నాయిక ఏడ్చినప్పుడల్లా ఆ గోడ దగ్గరికే వస్తుంది. ఊరినుంచి ఫోన్లు: “మాస్టారూ, నిన్న భలే చేశారండీ!” ఆయన వినయంగా, “ఏదో, దర్శకుడు చేయించుకున్నాడయ్యా” అంటారు.

తర్వాత నిజంగానే ప్రాణమున్న వేషం వచ్చింది, పంచాయతీ పెద్ద. ముప్పావుగంట నాటిక పొల్లుపోకుండా ఒప్పజెప్పే మనిషికి, కెమెరా పక్కనుంచి ఓ కుర్రాడు “అలాగే బాబూ” అన్న రెండు మాటలూ అందించాడు. మాస్టారు అవమానం దిగమింగి డైలాగు చెప్పి, అలవాటు కొద్దీ చప్పట్ల కోసం ఆగారు. ఆ ఆగినంత మేరా ఎడిటింగులో పోయింది. ప్రసారమైన రోజు ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. తెరమీద మాస్టారు నోరు తెరిచారు, లోపలినుంచి ఎవరిదో సన్నటి గొంతు వచ్చింది. డబ్బింగ్ ఇంకొకరి చేత చెప్పించారట.

“మావయ్యగారూ, మీకు జలుబు చేసిందా?” అంది కోడలు.

మాస్టారి అసలు గొంతు వినాలనుకుంటే రవీంద్రభారతిలోనో, మీ ఊరి దగ్గర పరిషత్తులోనో నాటిక పోటీలు పడినప్పుడు వెళ్లండి. చాలావాటికి టిక్కెట్టు ఉండదు. ముందు కుర్చీల కోసం ఎగబడక్కర్లేదు, వెనక కూర్చున్నా బాగానే వినబడుతుంది.