వంకర స్టీరింగు, నిటారు సాక్షి

డాష్‌బోర్డు మీద కారు బొమ్మ, దాని వెనక రెండు మెలికల గీతలు పసుప్పచ్చగా వెలిగాయంటే మనవాళ్లు చేసే క్రతువు ఒకటే. ముందు బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తారు. దీపం ఆరకపోతే బానెట్ ఎత్తి ఇంజను వంక గంభీరంగా చూస్తారు. స్టీరింగు సంగతి ఇంజనుకేం తెలుసు? చివరికి షెడ్డులో స్కానర్ తగిలిస్తే, "స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ పోయింది సార్, మార్చెయ్యాలి" అని తీర్పు వస్తుంది. ఇలాంటి తీర్పుల్లో చాలావాటికి విచారణే జరగదని నా వాదన. స్కానర్ చూపే లోపం కోడ్‌లో పేరు వచ్చినంత మాత్రాన నేరం చేసినట్టు కాదు.

ఆ దీపం స్టెబిలిటీ కంట్రోల్‌ది. 1995లో బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి కారులోకి తెచ్చిన ఈ వ్యవస్థ చేసేది ఊరి పంచాయితీయే. డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడో స్టీరింగ్ సెన్సార్ చెబుతుంది. కారు నిజంగా ఎటు పోతోందో చక్రాల వేగం కొలిచే నాలుగు సెన్సార్లు, బండి ఎంత వేగంగా తిరుగుతోందో చూసే యా సెన్సార్ చెబుతాయి. మాటలు కలవకపోతే పెద్దమనిషి, అంటే కంప్యూటర్, అవసరమైన చక్రానికి మాత్రం బ్రేకు వేసి బండిని దారికి తెస్తాడు. ఇప్పుడు అలైన్‌మెంట్ సరిగ్గా చేయలేదనుకోండి. కారు తిన్నగా పోవాలంటే స్టీరింగును కాస్త ఎడమకి పట్టుకోవాలి. నాలుగు చక్రాలూ, యా సెన్సారూ "తిన్నగానే పోతున్నాం" అంటాయి. స్టీరింగ్ సెన్సార్ ఒక్కటే "కాదు, ఎడమకి తిరిగి ఉన్నాను" అంటుంది. అది చెప్పింది అక్షరాలా నిజం. అయినా పంచాయితీలో ఒంటరి సాక్షి కాబట్టి అబద్ధాలకోరని ముద్ర పడుతుంది. అసలు దొంగ స్టీరింగును చక్రాలకి కలిపే టై రాడ్ దగ్గర హాయిగా ఉంటుంది.

దీపం ఎప్పుడు వెలిగిందన్నదే పెద్ద ఆధారం. అలైన్‌మెంట్ చేయించాకో, బ్యాటరీ మార్చాకో, స్టీరింగ్ ర్యాక్ విప్పి బిగించాకో వెలిగితే ముందు అనుమానించాల్సింది సున్నా స్థానాన్ని, అంటే సెన్సార్ "తిన్నగా" అని లెక్కపెట్టుకునే చోటుని. కొన్ని మోడళ్లలో స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, కాసేపు తిన్నగా నడిపితే చాలు. మిగతావాటిలో స్కానర్‌తో కాలిబ్రేట్ చేయాలి. చౌకలో దొరికే చిన్న స్కానర్లు చాలావరకు ఇంజనుతోనే మాట్లాడతాయి, స్టెబిలిటీ కంట్రోల్ ఉండే ఏబీఎస్ వైపు తొంగి కూడా చూడవు. తమాషా ఏమిటంటే, చాలా కార్లలో కొత్త సెన్సార్ బిగించినా కాలిబ్రేషన్ చేయాల్సిందే. అది చేయగానే దీపం ఆరుతుంది. ఘనత కొత్త సెన్సార్‌కి, బిల్లు మనకి, పాతది పాపం చెత్తబుట్టకి.

"అయితే సెన్సార్లు పాడవవా?" అంటారు. ఎందుకు పాడవవు? స్టీరింగును మెల్లగా తిప్పుతూ స్కానర్‌లో లైవ్ అంకె చూడండి. అది గెంతులు వేసినా, కదలకుండా మొరాయించినా, ముందు కనెక్టరూ వైర్లూ చూసి, అవి బాగుంటే నిరభ్యంతరంగా మార్చండి, నేనేం దాని వకీలుని కాను. కాకపోతే చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ వైరు ఉండే క్లాక్ స్ప్రింగ్‌తో కలిసి అది ఒకే చోట ఉంటుంది, ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో ఆ పని పెట్టుకోవద్దు. "బండి నడుస్తోందిగా, దీపం మీద నల్ల టేపు అంటిస్తే సరి" అనేవాళ్లూ ఉన్నారు. మామూలు బ్రేకులు పనిచేస్తాయి, నిజమే. కానీ వాన పడిన మలుపులో బండి జారితే ఆదుకునేవాడు సెలవులో ఉంటాడు. చాలా బళ్లలో ఎత్తు మీద వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ కూడా అతనితోపాటే సెలవు పెడుతుంది. అన్నట్టు, మలుపులో ఆ దీపం టపటపా మిణుకుమంటే అది జబ్బు కాదు, అతను పనిలో ఉన్నాడని అర్థం. ఆరకుండా వెలుగుతూనే ఉంటేనే లోపం.

కాబట్టి సెన్సార్‌కి డబ్బు కట్టేముందు టైర్ల గాలి, సైజు, బ్యాటరీ ఓల్టేజీ, అలైన్‌మెంట్ చూడమనండి. ఆపైన చక్రాలు తిన్నగా ఉంచి, స్కానర్‌లో స్టీరింగ్ కోణం ఎంత చూపిస్తోందో మీ కళ్లతో చూపించమని మెకానిక్‌ని అడగండి.