సూరిగాడె! ఒక మిద్దెతోట పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. టమట పూత రాలె డాబాన నెండకు
బీర పూచె గాని పిందె లేదు
వంగ పురుగు దొలిచె వచ్చేటి కార్తెకు
చూత మనెడివాడు సూరిగాడె

అవతారిక

హస్తకార్తె నడుస్తోంది. ఎండాకాలం పంట పోయింది, వానాకాలం పంట పోతోంది. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మిద్దెమీద కుండీల నడుమ నిలబడి ఉన్న గృహస్థుణ్ణి, బట్టలు ఆరేయడానికి పైకి వచ్చిన కింది వాటావారు ఒకరు "ఏం మాస్టారూ, ఈసారి ఏమైనా కాశాయా?" అని అడిగారు. "ఈసారికి ఇంతే లెండి. వచ్చే కార్తెకి చూద్దాం" అన్నాడాయన. అడిగినవారే కవి. విన్న మాటకు విస్తుపోయి ఆశువుగా ఈ ఆటవెలది చెప్పారని సంప్రదాయం.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయన మన మెతుకుసీమ కొలచలమవాడు. తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మన మూలంలో ఉన్నవి ఎండిన మొక్కలు గనుక సంజీవని అవసరం కాళిదాసుకంటే మనకే ఎక్కువ. ప్రతిజ్ఞ మాత్రం ఈ వ్యాఖ్యాత చేయలేడు. మొక్కలు పెంచేవారి గురించి రాస్తూ అక్కరలేనిది చెప్పకుండా ఉండడం మానవమాత్రుల తరం కాదు.

ప్రతిపదార్థం

టమట = టమాటా మొక్కయొక్క, పూత = పూలు, డాబాన = మేడమీద, ఎండకు = వేడిమిచేత, రాలె = రాలిపోయెను; బీర = బీరపాదు, పూచె గాని = పూలు పూసినదే గాని, పిందె లేదు = కాయ కట్టలేదు; వంగ = వంకాయను, పురుగు = కాయతొలుచు పురుగు, దొలిచె = తొలిచివేసెను; (అయినను) వచ్చేటి కార్తెకు = రాబోవు కార్తెలో, చూతము = చూచెదము, అనెడివాడు = అని పలుకువాడు, సూరి = పండితుడు, కాడె = కాడా? అగుననుట.

'అయినను' అన్నది మూలంలో లేదు. అధ్యాహారం చేసుకోవాలి. పద్యానికి ప్రాణం ఆ లేని మాటలోనే ఉంది.

వివరణము

టమట: నిఘంటువులు ఎరుగని రూపం. రామములగ అనే చక్కని తెలుగు పేరు ఉండగా కవి దీన్నే పట్టుకున్నాడు. నడిమి దీర్ఘం ఏమైందంటే, గణం కోసం పోయిందని లాక్షణికులు, ఎండకు పోయిందని తోటవారు. రెండూ గ్రాహ్యమే.

డాబాన నెండకు: ఎండకు ముందు ఈ నకారం ఎక్కడిదని వైయాకరణులు అడగవచ్చు. మే నెలాఖరున, రోహిణికార్తెలో, ఒకసారి మేడ ఎక్కి వస్తే అడగరు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కు దిగకపోతే టమాటా పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, తొడిమ కణుపు దగ్గర పసుపెక్కి రాలుతుంది. నేలమీది తోటకు రాత్రయినా కాస్త ఊరట. స్లాబు అలా కాదు, పగలు తాగిన వేడిని తెల్లవారేదాకా కక్కుతూనే ఉంటుంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోటను ఇంటింటి మాట చేశాక నగరంలో మేడలన్నీ పచ్చబడ్డాయి. మొక్కల కింద ఉండే కాంక్రీటు స్వభావం మాత్రం మారలేదు. పూత రాలుతోందని ఇంకో దోసెడు ఎరువు వేయడం ఈ దశలో సర్వత్రా కనబడే ఆచారం. దానివల్ల ఆకు బలుస్తుంది, అంతే.

బీర పూచె గాని పిందె లేదు: ఈ పాదం కడు రమ్యం, కడు దుఃఖకరం. బీరకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగవి గుత్తులుగా, ముందుగా, ధారాళంగా వస్తాయి. ఆడది ఒంటరిగా, ఆలస్యంగా, అడుగున వేలెడంత పిందెతో వస్తుంది. పాదు నిండా పచ్చగా పూసిందని ఫోటో తీసి బంధువులందరికీ పంపిన తోటమాలి, అవన్నీ మగపూలేనని తెలిసిన క్షణాన ఏ రసంలో మునుగుతాడో భరతుడు చెప్పలేదు. ఎండలు ముదిరినా, నత్రజని ఎక్కువైనా ఈ మగపూత మరింత పెరుగుతుంది. అంటే ప్రేమకొద్దీ పోసిన పేడనీళ్లే కొంపముంచాయన్నమాట. ఆడపూలు వచ్చినా చిక్కు తీరదు. బీర సాయంకాలం విచ్చుకుంటుంది. ఆ వేళ అయిదో అంతస్తుకు ఎగిరొచ్చే రెక్కలపురుగులు తక్కువ. పుప్పొడి అందని పిందె పసుపెక్కి, కుళ్లి రాలుతుంది. కనుక గృహస్థుడే దీపాలు పెట్టే వేళ మగపువ్వు ఒకటి తెంపి, రేకులు ఒలిచి, ఆడపువ్వుకు అద్దాలి. ఈ పెళ్లిపెద్ద పని చేస్తుండగా పక్కమేడ వారు చూస్తే ఏమనుకుంటారో అన్న శంకతో మానుకున్నవారి పాదులు గొడ్డుపోయాయి.

వంగ పురుగు దొలిచె: ఇక్కడ కవి మాటలు పొదుపు చేశాడు, ఈ వ్యాఖ్యాత చేయడు. ఈ పురుగు సామాన్యమైనది కాదు. దీన్ని ఎదిరించడానికే బీటీ వంకాయను తయారుచేశారు. దానిమీద హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిగాయి. 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానికి మారటోరియం విధించాడు. దేశాన్నంతటినీ వాదంలోకి దించిన ప్రాణి మన కుండీలోకి వచ్చి కాపురం పెట్టింది. ముందు లేతకొమ్మలో దూరుతుంది, కొమ్మ తల వాలుస్తుంది. నీళ్లు చాలలేదని తోటమాలి ఇంకో చెంబు పోస్తాడు. తరవాత కాయలోకి వెళ్లి, వచ్చిన కన్నాన్ని తన విసర్జనతోనే పూడ్చుకుంటుంది. ఇక లోపలికి ఏ వేపనూనే చేరదు. వాలిన కొమ్మను వెంటనే తుంచి నాశనం చేయడమే ఉపాయం.

పాఠాంతరం

అపార్ట్‌మెంటు వాట్సాప్ గుంపులో దొరికే ప్రతిలో 'వచ్చేటి యేటికి' అని ఉంది. గణాలు సరిపోతాయి, యతి చెడదు. అయినా అది లేఖకదోషమని నిశ్చయం. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం కార్తె. ఏడాదికి 27, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. వచ్చే ఏడాదికి చూద్దామన్నవాడు వైరాగ్యంలోకి జారుకుంటున్నవాడు. ఏడాదిలో కుండీలు చెప్పులస్టాండు అవుతాయి, మట్టి గట్టిపడుతుంది, గొట్టం ఎవరో పట్టుకుపోతారు. కార్తెకు చూద్దామన్నవాడికి ఈ వారమే పని ఉంది. పైగా హస్త తరవాత వచ్చేది అక్టోబరు రెండో వారంలో చిత్త, నాలుగో వారంలో స్వాతి. రాత్రులు చల్లబడతాయి. ఎండకు వంధ్యమైన టమాటా పుప్పొడికి అప్పుడు జీవం. ఇప్పుడు పోసిన నారు పుష్య మాసానికి కాయ ఇస్తుంది. కాబట్టి గృహస్థుడు ఊరికే ధైర్యం చెప్పుకోలేదు, పంచాంగం చూసి మాట్లాడాడు. 'కార్తెకు' అన్న పాఠమే సాధువు.

పూర్వపక్షం

ఇల్లాలి మతం: "ఏమండీ, ఆ మోటారు కరెంటు బిల్లు పెడితే రైతుబజారులో బుట్టెడు బీరకాయలు వచ్చేవి. కొబ్బరిపీచు పొడీ, సంచులూ, వేపపిండీ నేను లెక్కలోకే తీసుకోలేదు." కింది వాటావారి మతం: "మాస్టారూ, మీవి కాయడం సంగతేమో గాని మా కప్పు కారడం మొదలైంది." విత్తనాల పొట్లం మీది బొమ్మను ప్రమాణంగా చూపబోతే ఇద్దరూ ఒప్పుకోలేదు. అది ప్రత్యక్షం కాదు, అనుమానం కాదు, ఆప్తవాక్యం అసలే కాదు.

గృహస్థుడి అనుమాన వాక్యం ఇలా సాగింది. ప్రతిజ్ఞ: ఈ తోట కాస్తుంది. హేతువు: నీళ్లు పోస్తున్నాం గనుక. ఉదాహరణం: గోంగూర వలె. దీన్ని ఇల్లాలు ఒక్క మాటతో ఖండించింది. "గోంగూర మీరు పోయకపోయినా వస్తుందండీ." హేతువు చెడింది.

సిద్ధాంతం

కప్పు కారడం గురించి పూర్వపక్షమే గెలిచింది, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. తక్కినచోట సిద్ధాంతమే నిలుస్తుంది. మూడు పంటలూ ఒకే కారణంతో పోయి ఉంటే ఆ చెయ్యి మొక్కలకు పనికిరాదని తేల్చవచ్చు. కవి మూడు పాదాల్లో మూడు వేరువేరు కారణాలు చెప్పాడు. ఒకటి కార్తె మారితే పోతుంది. ఒకటి సాయంకాలం పది నిమిషాలు కేటాయిస్తే పోతుంది. మూడోది కత్తెర పట్టుకుని తిరిగితే తగ్గుతుంది, పోదు. కారణం పేరు తెలిసిన నష్టం సగం నష్టమే. తెలియనప్పుడే దిష్టి తగిలిందని దిష్టిబొమ్మ కడతాం. కుండీల మధ్య ఒక దిష్టిబొమ్మ ఉన్నమాట కూడా నిజమే. సిద్ధాంతి దాన్ని చూడనట్టు నటించాలి.

అలంకారం

కారణాలన్నీ సమృద్ధిగా ఉన్నా కార్యం పుట్టకపోవడం విశేషోక్తి. ఎరువు ఉంది, నీరు ఉంది, పందిరి ఉంది, కాయ లేదు. మొదటి మూడు పాదాలూ లక్షణానికి చక్కని లక్ష్యాలు. దీనికి ఎదురుగా కారణం లేకుండానే కార్యం పుట్టడం విభావన. అది పద్యంలో లేదు, మేడమీద ఉంది. వంటింటి తొక్కలు వేసే కంపోస్టు డ్రమ్ము అంచున, ఎవరూ విత్తని, ఎవరూ నీళ్లు పోయని టమాటా మొక్క ఒకటి లేచింది. చారులోకి పోగా మిగిలిన గింజ అది. రకం పేరు లేదు, పొట్లం లేదు, బొమ్మ లేదు. ముదురాకుపచ్చ ఆకులతో, నారుమడిలో మురిపెంగా పెంచినవాటికంటే లావు కాండంతో నిలబడింది. గృహస్థుడు 'చూతము' అన్నది దీన్ని చూశాకనేనని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. తోటమాలికి ఆశ శాస్త్రంనుంచి కాస్త, ఇలాంటి పిలవని పేరంటాలనుంచి ఎక్కువా వస్తుంది. మొదటిదాన్నే బయటికి చెబుతాడు.

రసం కరుణమని కొందరు, హాస్యమని వాటావారు. స్థాయిభావం ఉత్సాహం గనుక వీరమని మా మతం.

అధికారి

'చూద్దాం' అన్న మాట అనడానికి అర్హుడెవరన్నది తేల్చకుండా వ్యాఖ్య పూర్తికాదు. మిద్దెతోటవాడే. ఇక్కడ మాత్రం పరిహాసం కొంచెంసేపు పక్కన పెట్టాలి. 2021–22లో నల్ల తామరపురుగు ఖమ్మం, గుంటూరు ప్రాంతాల మిర్చి పూతను తినేసినప్పుడు ఆ రైతులూ తరవాతి పంటకు చూద్దామనే అన్నారు. ఆ మాట వెనక కౌలు ఉంది, అప్పు ఉంది, పురుగుమందుల దుకాణంలో ఖాతా ఉంది. 2023 జూలైలో టమాటా కిలో నూరు దాటినప్పుడు మనమంతా మదనపల్లె పేరు తలచుకున్నాం. ధర పడిపోయి, పత్తికొండ రైతు కోతకూలి కూడా గిట్టక కాయను రోడ్డుపక్కన పారబోసినప్పుడు ఎవరం తలచుకోలేదు. ఆ నోట వచ్చిన 'చూద్దాం'కు టీక రాసే యోగ్యత ఈ వ్యాఖ్యాతకు లేదు. మిద్దెతోటవాడికి పంట పోతే కూర పోతుంది, అదీ సంత దాకా వెళ్లేవరకే. అతని ఆశ చవక. చవక గనుకనే దాన్ని ఆడిపోసుకుంటూ ఇంత రాయగలిగాం.

తాత్పర్యం

పూత రాలింది, పిందె పడలేదు, కాయ పుచ్చింది. అయినా నారు పోయడానికి కుండీ ఖాళీ చేస్తున్నాడు. ఇతణ్ణి పండితుడనక ఏమనాలి, అని.

ప్రతి విషయం

గోడప్రతి ఒక్కటే ప్రామాణికం. అది నీళ్లట్యాంకు గోడమీద బొగ్గుతో రాసినది. నాలుగో పాదం కింద వేరే దస్తూరీలో, సుద్దతో, "కాడు. ముందు ట్యాంకు మూత వేయమనండి" అని ఒక వాక్యం కనిపిస్తుంది. ఛందస్సు లేదు, యతి లేదు. పైగా దస్తూరీ ఇల్లాలిదని పోలిక తెలుస్తోంది. ప్రక్షిప్తమని పరిహరించాము.