గోడ పోయింది, పేరు అద్దెకుంది

కళ ఉట్టిపడే పేట, సకల జాతుల సహవాసం, సరికొత్త అపార్ట్‌మెంటు. ఈ మూడూ ఒక్కచోటే కావాలా? అయితే న్యూయార్క్ నగరం, క్వీన్స్, లాంగ్ ఐలాండ్ సిటీకి దయచేయండి. జాక్సన్ అవెన్యూ మీద నలభై అంతస్తులు దాటిన రెండు టవర్లు కనిపిస్తాయి. పేరు ఫైవ్‌పాయింట్జ్. నిజానికి ఆ పేరు అక్కడే ఉండిన ఒక కళాక్షేత్రానిది. దాన్ని నేలమట్టం చేశాకే ఈ టవర్లు లేచాయి. పేరు మాత్రం పదిలంగా దాచి మరీ తగిలించారు. కృతజ్ఞతంటే అదీ!

అదొక పాత ఫ్యాక్టరీ. యజమాని జెర్రీ వోల్కాఫ్ అనుమతితోనే దేశదేశాల గ్రాఫిటీ కళాకారులు దాని గోడలనిండా బొమ్మలు వేశారు. ఏ గోడ ఎవరికివ్వాలి, ఏ బొమ్మ ఎన్నాళ్ళుంచాలి అన్నది 2002 నుంచి జోనథన్ కోహెన్ అనే చిత్రకారుడు చూసుకునేవాడు. వంతెన మీద వెళ్ళే సెవెన్ నంబరు రైలువాళ్ళకు టిక్కెట్టు లేని మ్యూజియం అది. టూరిస్టులొచ్చారు, సినిమావాళ్ళొచ్చారు, పేటకు పేరొచ్చింది. పేరొచ్చిన పేటలో బొమ్మలుండటం దండగ కదా, ఫ్లాట్లుండాలి గాని!

కళాకారులు కోర్టుకెక్కారు. 2013 నవంబరులో కూల్చివేతను ఆపడానికి జడ్జి ఒప్పుకోలేదు, కారణాలు వివరంగా రాసిస్తానన్నాడు. ఆయన రాసి ముగించేదాకానైనా ఆగలేక యజమానిగారు రాత్రికి రాత్రి గోడలన్నిటికీ తెల్లరంగు కొట్టించారు. కూల్చే అనుమతి కూడా అప్పటికి చేతికి రాలేదు. ఆ తొందరే కొంప ముంచింది. 2018లో అదే జడ్జి, ఫ్రెడరిక్ బ్లాక్, 45 బొమ్మలకు ఒక్కోదానికి లక్షన్నర చొప్పున 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్లు కట్టమన్నాడు. పది నెలలు ఓపికపట్టి, అనుమతితో కూల్చి ఉంటే ఈ బెడద ఉండేది కాదని కూడా అన్నాడు. అంటే తప్పు చంపడం కాదు, ముహూర్తం చూసుకోకపోవడం.

పాపం, పెద్ద దెబ్బే అంటారా? టవర్లలో వెయ్యికి పైగా ఫ్లాట్లున్నాయి. సగటున నెలకు 4,000 డాలర్లనుకోండి, ఆ పరిహారం రెండు నెలల అద్దె కూడా కాదు.

చెరువు పూడ్చి ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెట్టే విద్య హైదరాబాద్ సొత్తని మురిసిపోయేవాళ్ళం. అదీ పోయింది.

ఇక సకల జాతుల సంగతి. మన టులెట్ బోర్డు మొరటుది. మీరేమిట్లు అంటుంది, వంటింట్లో ఏం ఉడుకుతుందని అడుగుతుంది, బ్యాచిలర్ కనిపిస్తే తలుపేసుకుంటుంది. న్యూయార్క్‌లో జాతి, మతం చూసి ఇల్లు లేదంటే కేసవుతుంది. అందుకని మర్యాదగా జీతం ఒక్కటే అడుగుతారు. నెల అద్దెకు 40 రెట్లు ఏడాది ఆదాయముండాలి, 4,000కి 1,60,000 డాలర్లు. లేదా, పూచీ ఉండే మనిషిని తెచ్చుకోండి, ఆయనకు 80 రెట్లుండాలి. ఈ జల్లెడలోంచి రాలిన వైవిధ్యమే లిఫ్టులో కనిపిస్తుంది: ఒకరిది షాంఘై, ఒకరిది సావో పాలో, ఒకరిది సత్తెనపల్లి. ముగ్గురి భుజానా అదే ల్యాప్‌టాప్ బ్యాగు. వాళ్ళకు భోజనం తెచ్చిన కుర్రాడిది ఏ దేశమో ఎవరికీ తెలియదు, లాబీ దాటి పైకి రానివ్వరు కదా. అసలు వైవిధ్యం చూడాలని సరదా పుడితే అదే సెవెన్ రైలెక్కి జాక్సన్ హైట్స్‌లో దిగండి, లేదా చివరిదాకా పోయి ఫ్లషింగ్ గణేశుడి గుడి క్యాంటీన్లో దోసె తినండి. తిని మళ్ళీ టవరెక్కేయండి.

4,000 అంటున్నావు, ప్రకటనలో 3,667 అనే ఉందే అంటారేమో. ఏడాది లీజు మీద ఒక నెల ఉచితమని చెప్పి, దాన్ని పన్నెండు నెలలకూ పరిచి చూపించే మాయ అది. ఉచితం ఆ ఒక్క నెలే, తక్కిన పదకొండు నెలలూ చెక్కు 4,000కే రాయాలి. మరుసటేడు పెంపు కూడా ఆ 4,000 మీదే. ఈ కళ మాత్రం టవర్లవాళ్ళ సొంతం, ఎవరి గోడమీంచీ ఎత్తుకొచ్చింది కాదు. ఇలాంటి భవనాల్లో ఈతకొలను, వ్యాయామశాల, కుక్కకు స్నానాలగది కూడా ఉంటాయి. చిత్రకారుడికి చోటుండదంటారా? ఉంటుంది, 40 రెట్లు చూపిస్తే.

సంతకం చేసేముందు షరతులు చదువుకోండి. అక్కడి లీజుల్లో మామూలుగా ఉండేదే: అనుమతి లేకుండా గోడలకు రంగు వేయరాదు. వేస్తే, ఖాళీ చేసేనాటికి ఎప్పటిలా తెల్లగా చేసి అప్పగించాలి. మీకు తీరిక లేకపోయినా ఫర్వాలేదు. తెల్లరంగు కొట్టే పనిలో ఆ స్థలానికి పూర్వానుభవముంది. ఖర్చు మీ డిపాజిట్‌లోంచి.