కార్బన్ డాట్ల చిట్కాలు: విన్నా పాటించకండి

"సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్‌డయమీన్ నీళ్లలో కలిపి ఆటోక్లేవ్‌లో పోసి, 200 డిగ్రీల దగ్గర ఐదు గంటలు ఓవెన్‌లో పెట్టు. యూవీ లైటు కింద నీలంగా వెలిగితే డాట్లు వచ్చేసినట్టే." కార్బన్ డాట్లు, అంటే వెలిగే కార్బన్ నానో కణాలు, తయారుచేసే ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు సీనియర్లు చెప్పే మొదటి చిట్కా ఇది. అందులో ఆ చివరి మాట నమ్మితే పీహెచ్‌డీ మొత్తం దారి తప్పుతుంది. ఆ రెండు రసాయనాలూ కలిస్తే ఐపీసీఏ అనే చిన్న అణువు కూడా తయారవుతుంది. అది డాటు కాదు, కానీ దివ్యంగా వెలుగుతుంది, అదీ నీలంగానే.

అందుకే "డయాలిసిస్ ఒక్క రాత్రి చాలు, బయటి నీళ్లు పారబోసెయ్" అన్నవాళ్ల మాట అసలే వినకండి. డాట్ల ద్రావణాన్ని డయాలిసిస్ సంచీలో కట్టి నీళ్ల బీకర్‌లో వదిలాక, కొన్ని గంటలకోసారి ఆ బయటి నీళ్లను యూవీ దీపం కింద పెట్టి చూడండి. మొదట్లో బీకరంతా నీలంగా కనిపిస్తుంది. అంటే వెలుగులో చాలా భాగం సంచీ రంధ్రాల్లోంచి జారిపోయే చిన్న అణువులదే. బయట వెలుగు పోయేదాకా నీళ్లు మారుస్తూనే ఉండండి. ఆ తర్వాత సంచీలో మిగిలినదానికి క్వాంటం యీల్డ్ (పీల్చిన కాంతిలో ఎంత వెలుగుగా తిరిగొస్తుందో) కొలిస్తే అంకె బాగా పడిపోవచ్చు. పడితే పడనివ్వండి, ఆ చిన్న అంకే మీ డాట్లది. అసలు ఈ పదార్థం దొరికిందే శుద్ధి చేయడంలో. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినాలో కార్బన్ నానోట్యూబుల మసిని ఎలక్ట్రోఫోరెసిస్‌తో శుభ్రం చేస్తుంటే, వెలిగే భాగం ఒకటి విడిగా బయటపడింది. వేరుచేయడం మానేస్తే ఈ రంగంలో ఇక మిగిలేదేమీ లేదు.

"ఆటోక్లేవ్ నిండా పొయ్యి, తొందరైతే కుళాయి కింద పెట్టి తెరువు" అన్నవాళ్ల పక్కన నిలబడనే వద్దు. 200 డిగ్రీల దగ్గర లోపలి ఆవిరి ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 15 రెట్లు. మూడింట రెండు వంతులకు మించి నింపకండి, దానంతట అది చల్లారేదాకా ముట్టుకోకండి.

"తులసాకులతో చేశాం, కాబట్టి కణాలకు హాని ఉండదు" అనేది ఇంకో చిట్కా. 200 డిగ్రీల్లో మాడి మారిపోయినదాన్ని తులసి అనలేం. విషం ఉందో లేదో కణాల మీద పరీక్షించి చూడాల్సిందే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది: "ఫెర్రిక్ అయాన్ వెయ్యి, వెలుగు ఆరితే ఇనుము సెన్సర్ రెడీ." ఫెర్రిక్ అయాన్ తానే యూవీ కాంతిని పీల్చేసుకుంటుంది. డాట్లకు అందాల్సిన కాంతిని దారిలోనే తినేస్తే వెలుగు తగ్గక ఏమవుతుంది? 360 నానోమీటర్ల దగ్గర వెలిగించే డాట్లకు క్రోమేట్ కలిపినా, టెట్రాసైక్లిన్ కలిపినా అదే జరుగుతుంది, ఎందుకంటే అవీ ఆ కాంతినే పీలుస్తాయి. ముందు అబ్జార్బెన్స్ కొలిచి ఆ మేరకు సవరించండి. లైఫ్‌టైమ్ (డాట్ల వెలుగు ఆరడానికి పట్టే సమయం) కూడా చూడండి. సవరించాక తగ్గుదల మిగలకపోతే, ఆ అయాన్‌ను మీ డాట్లు గుర్తుపట్టినట్టు కాదు.

ఇక రక్తం సంగతి. "సీరమ్‌ను వంద రెట్లు పలచన చేసి, ఇనుము కలిపి, కలిపినంతా తిరిగి చూపిస్తే చాలు" అంటారు. సీరమ్‌లో ఇనుము విడిగా తిరగదు, ట్రాన్స్‌ఫెరిన్‌ను పట్టుకుని ఉంటుంది. పీహెచ్ 7.4 దగ్గర విడి ఫెర్రిక్ అయాన్ హైడ్రాక్సైడ్‌గా మారి అడుగున పడుతుంది. పైగా సీరమ్ కూడా యూవీ కింద నీలంగా వెలుగుతుంది, దాని ప్రోటీన్లు డాట్లకు అంటుకుంటాయి. డిస్టిల్డ్ వాటర్‌లో గీసిన గ్రాఫు అక్కడికి చేరేసరికి పనికిరాదు. రోగి నమూనా కొలుస్తామని రాసేముందు డాట్లు లేని సీరమ్‌ను ఒకసారి, పలచన చేయని సీరమ్‌లో డాట్లను ఒకసారి, అదే రోజు కొలిచి ఆ రెండు గీతలనూ మీ గ్రాఫులోనే చూపించండి.